పైగదిలోంచి చెప్పిన మాట

మా బావగారు దివాకర్ ఏం ఉద్యోగం చేసేవారో అమెరికాలో మేముండే నోవైలో మన వాళ్లలో చాలామందికి అర్థమయ్యేది కాదు. గుడిలో ఎవరైనా అడిగితే "కోచ్‌ని" అనేవారు. వెంటనే రెండో ప్రశ్న వచ్చేది.

"ఓ, ఏ సబ్జెక్టండీ? మ్యాథ్సా? మా ధృవ్‌కి ఎస్ఏటీ పరీక్ష ఉంది. మీ సెంటర్ ఎక్కడ?"

ఫుట్‌బాల్ కోచ్ అని చెప్పగానే అడిగినవాళ్ల మొహం చప్పబడేది. "అది హాబీ అనుకోండి, మరి జాబ్ ఏంటి?" అనేవాళ్లు. ఆయన నవ్వి ప్రసాదం లైన్లోకి వెళ్లిపోయేవారు. పెళ్లి సంబంధాలు కూడా ఆ చివరి ప్రశ్న దగ్గరే ఆగిపోయేవట.

ఆయన మా ఆయన శ్రీరామ్‌కి అన్నయ్య. పదేళ్ల వయసులో ఈ దేశం వచ్చారు. స్కూల్లో ఆడాలనుకుంటే బక్కగా ఉన్నావని టీమ్‌లోకి తీసుకోలేదు. ఊరుకోకుండా, ఎత్తైన నిచ్చెన ఎక్కి ప్రాక్టీసు వీడియో తీసే పని అడిగి తీసుకున్నారు. అలా మొదలై, కాలేజీ జట్ల దగ్గర జీతం లేకుండా కొన్నేళ్లు, జీతం అనడానికి వీల్లేని జీతంతో ఇంకొన్నేళ్లు చేసి, చివరికి టొలీడో ఫెర్రీమెన్ అనే జట్టులో చేరారు. పెద్ద లీగ్ ఆటలు లేని వసంతకాలంలో ఆడే చిన్న ప్రొఫెషనల్ లీగ్‌లోది ఆ జట్టు. టొలీడో మా ఇంటికి గంట దూరం. అందుకని మా బేస్‌మెంట్‌లోనే ఉండేవారు. మా మామగారు యజ్ఞనారాయణగారు కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. పెద్దకొడుకు పనిని ఆయన 'చుక్కలు పెట్టే ఉద్యోగం' అనేవారు.

నిజానికి చుక్కలు పెట్టడమే ఆ పని. అమెరికా ఫుట్‌బాల్ కాలితో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకునో, విసిరో ముందుకు తీసుకుపోవాలి. పదకొండు మంది బంతితో వస్తారు, పదకొండు మంది అడ్డుకుంటారు. బావగారిది అడ్డుకునే వైపు. ఎవరు ఎక్కడ నిలబడాలో కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ ఉండేవారు.

ఒకరోజు సాయంత్రం టీ ఇవ్వడానికి కిందికి వెళ్తే కారమ్ బోర్డు మీద బిళ్లలు పేర్చుకుని కూర్చున్నారు. తెల్లవి తొమ్మిదే ఉన్నాయని రెండు సీసా మూతలు కలిపారు.

"కూర్చో భవితా, ఒకటి చూపిస్తాను. ఈ మూతలు రెండూ సేఫ్టీలు. అందరికన్నా వెనక కాపలా కాసేవాళ్లు. ఇద్దరూ ఇంత వెనక ఉంటే, అవతల బంతి విసిరేవాడు ఏమనుకుంటాడు?"

"దూరం విసిరితే దొరికిపోతాను, దగ్గరే విసరాలి అనుకుంటాడు."

"సూపర్. బంతి కదిలిన సెకనులో వీళ్లలో ఒకడు ముందుకి దూకేస్తాడు. వాడు చూసింది ఒకటి, ఉన్నది ఇంకొకటి. మా పనంతా ఇంతేనమ్మా. నమ్మేలా అబద్ధం చూపించడం."

"వాళ్లు కనిపెట్టేస్తే బావగారూ?"

"అది చెప్పడానికే నేనున్నాను. స్టేడియం పైన అద్దాల గదిలో కూర్చుంటాను. అక్కణ్నుంచి మొత్తం కనపడుతుంది. కనిపెట్టారు, ప్లాన్ మార్చండి అని హెడ్‌సెట్‌లో కింద కోచ్‌కి చెప్తాను. ఆయన ఆటగాడి హెల్మెట్‌లోకి చెప్తాడు. కానీ బంతి కదలడానికి కొన్ని సెకన్ల ముందు ఆ లైన్ కట్ చేసేస్తారు. అది రూల్. అప్పటిదాకా ఏం చెప్తే అదే. తర్వాత అరిచినా వినపడదు."

నా డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆగిపోయింది. మళ్లీ ఎవరైనా నాకు ఏదైనా నేర్పిస్తారని అనుకోలేదు. ఆ రోజు నుంచి ఆటలు నేనూ చూసేదాన్ని. శ్రీరామ్ చిప్స్ తింటూ బంతిని చూసేవాడు, నేను వెనక నిలబడ్డ ఆ ఇద్దరిని చూసేదాన్ని.

కింద ఉండే ఆ కోచ్ పేరు హాలరన్. అడ్డుకునే వైపుకంతా ఆయనే పెద్ద. కోఆర్డినేటర్ అంటారు. ఈ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. కోఆర్డినేటర్ ఉద్యోగం పోతే ఆయన మనుషుల ఉద్యోగాలూ పోతాయి. ఆయన పైకి వెళ్తే వాళ్లనీ వెంట తీసుకెళ్తాడు. కాగితం మీద ఎక్కడా ఉండదు, అందరూ అలాగే చేస్తారు. బావగారు ఆయన వెనకే మూడు ఊళ్లు తిరిగారు. పెద్ద లీగ్‌లో సేఫ్టీల కోచ్ కావాలన్నది ఆయన ఆశ. ఆ తలుపు తీయగలిగింది హాలరన్ ఒక్కడే.

ఆ ఏడాది మార్చిలో హాలరన్ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పులిహోర రెండుసార్లు వేయించుకున్నాడు. బావగార్ని పేరు కుదించి 'దీ' అని పిలిచాడు. మామయ్యగారి భుజం మీద చెయ్యి వేసి, "పెద్ద లీగ్ వాళ్లు నన్ను చూస్తున్నారు సార్. నేను వెళ్లే రోజున మీ అబ్బాయి నా పక్క సీట్లో ఉంటాడు" అన్నాడు.

అతను వెళ్లాక మామయ్యగారు అడిగారు. "పెద్ద లీగ్ అంటే, టీవీలో కనిపిస్తాడా వీడు?"

"పైగదిలో ఉంటాను కదా నాన్నా, కనిపించను" అన్నారు బావగారు.

"మరింకెందుకు?" అన్నారు మామయ్యగారు. కానీ గొంతులో ఎప్పటి వెటకారం లేదు.

జూన్‌లో సెమీఫైనల్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆట. మామయ్యగారు, శ్రీరామ్, నేను టీవీ ముందు కూర్చున్నాం. ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు, మా వాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారు. అప్పుడు వెనక ఉండాల్సిన ఇద్దరూ ముందుకు రావడం చూశాను. హాలరన్ అందర్నీ బంతి విసిరేవాడి మీదికి పంపేస్తున్నాడు. దాన్ని బ్లిట్జ్ అంటారు. అతన్ని సమయానికి అందుకుంటే గెలుపు, అందుకోలేకపోతే వెనక కాపలా లేదు. అవతలి జట్టులో బంతి విసిరేవాడి పక్కన నిలబడ్డ ఆటగాడు నెమ్మదిగా మా వాళ్లు వదిలేసిన అంచుకి జరిగాడు. వాళ్లకి తెలిసిపోయిందని నాకు కూడా అర్థమైంది.

"బావగారు చెప్తారు" అన్నాను.

"ఎవరికి?" అన్నాడు శ్రీరామ్.

ఈలోపే బంతి గాల్లోకి లేచింది. ఖాళీగా ఉన్న మైదానంలో ఒక్కడే పరుగెత్తుకుంటూ పోయి పట్టుకుని గీత దాటాడు. వాళ్లకి ఆరు పాయింట్లు. మామయ్యగారు టీవీ కట్టేశారు.

చీకటి పడకముందే బావగారు వచ్చారు. నేను చపాతీలు ఒత్తుతున్నాను. వంటింటి గడప దగ్గరే నిలబడి చెప్పారు. "వద్దన్నానమ్మా. వాడు పక్కకి జరిగాడు, చూసేశారు, మార్చండి అన్నాను. హాలరన్ 'స్టే' అన్నాడు, మార్చొద్దని. మళ్లీ చెప్పేలోపు లైన్ కట్ అయిపోయింది."

"రేపు ఆయన ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోవాలి కదా. రేపు పొద్దున అందరం కూర్చుని వీడియో చూస్తాం. తప్పు దగ్గర ఆపుతారు. ఎవరిదైతే ఆ కోచ్ లేచి 'దట్స్ ఆన్ మీ' అంటాడు. నాది, నా మీద వేయండి అని. అంతటితో ఆఖరు. ఆటగాళ్లు ఇంకో ప్రశ్న వేయరు. అదే మా మర్యాద."

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఇంటికి వచ్చేసరికి శ్రీరామ్ భోజనం చేస్తున్నాడు. బావగారి మొహం తేటగా ఉంది. అంత పెద్ద ఆట ఓడిపోయిన మనిషిలా లేరు.

"ఏమైంది అన్నయ్యా, చెప్పాడా?"

"నేను చెప్పాను."

"ఏం చెప్పావు?"

"దట్స్ ఆన్ మీ అని. పైనుంచి నేను తప్పు చెప్పాను అని."

శ్రీరామ్ చేతిలో ముద్ద కంచంలో పడింది. "నీకేమన్నా పిచ్చా? ఎవరి ముందు?"

"అందరి ముందు. నలభై మందికి పైనే ఉంటారు." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పొద్దున పార్కింగ్‌లో నన్ను ఆపాడురా. ఈ వారమే పెద్ద లీగ్ వాళ్ల ఇంటర్వ్యూ ఉందంట. 'ఇది నా మీద ఉంటే నన్ను తీసుకోరు. నన్ను తీసుకోకపోతే నువ్వూ రావు. ఆలోచించుకో దీ' అన్నాడు. వీడియో ఆపినప్పుడు ఆయన లేవలేదు. బూట్ల వంక చూస్తూ కూర్చున్నాడు. అందరూ చూస్తున్నారు. నేను లేచాను."

"కనీసం ఏదైనా రాయించుకున్నావా?"

"ఇందులో రాయించుకోవడాలు ఉండవు."

"ఫుట్‌బాల్‌లో ఉండవేమో. మనుషుల్లో ఉంటాయి."

"నీకు తెలీదులే" అన్నారు బావగారు. నాకేసి తిరిగి, "అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది" అన్నారు. ఆ పూట ఆయన బాగా తిన్నారు.

జట్టు హెడ్ కోచ్ విలేకరులతో, పైగదిలోంచి తప్పుడు సమాచారం వచ్చిందని చెప్పాడు. పేపర్లో బావగారి పేరు పూర్తిగా వేశారు. ఆ ముక్కని ఎవరో ఫొటో తీసి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "మన దివాకర్ పేరు పేపర్లో! ప్రౌడ్ మూమెంట్!" అని. వరసగా చప్పట్ల బొమ్మలు వచ్చాయి. కొట్టినవాళ్లలో ఒక్కరు కూడా చదివినట్టు లేదు. చదివినవాళ్లు చప్పట్లు కొట్టలేదు, అంతే.

ఆ నెలలోనే హాలరన్‌కి పెద్ద లీగ్‌లో ఉద్యోగం వచ్చింది. బావగారు రెండు సూట్‌కేసులు కొన్నారు. బేస్‌మెంట్‌లోని సామానంతా విడదీసి, తీసుకెళ్లేవి ఒక వైపు, ఉంచేవి ఒక వైపు పెట్టారు. మామయ్యగారు పాత స్నేహితుడు భీమశంకరంగారికి ఫోన్ చేసి, "మా పెద్దాడికి బిగ్ లీగ్ వచ్చిందండీ. అబ్బే, మామూలు విషయం కాదట" అని చెప్పడం విన్నాను. కొడుకు ఉద్యోగం గురించి ఆయన అలా మాట్లాడటం అదే మొదటిసారి.

ఫోన్ వచ్చిన రోజున బావగారు నాతోపాటు వంటింట్లో బెండకాయలు తరుగుతున్నారు. చేతులు జిగురుగా ఉన్నాయని మోచేత్తో స్పీకర్ నొక్కారు. అవతల హాలరన్. మాట్లాడింది ఇంగ్లీషే అయినా, నాకు ఒక్క మాట పోకుండా అర్థమైంది.

"దీ, నువ్వు నా కుడిచెయ్యివి. నీకు తెలుసు. కానీ ఇక్కడి జనరల్ మేనేజర్ నీ పేరు చూడగానే ఆ ఆట గురించి అడిగాడు."

"మీరేం చెప్పారు కోచ్?"

"ఏం చెప్తాను? నువ్వు అందరి ముందు ఏం చెప్పావో అదే."

"ఆ రోజు హెడ్‌సెట్‌లో నేనేం అన్నానో మీకు తెలుసు కదా కోచ్."

హాలరన్ ఆ మాట దాటేశాడు. "వాళ్లు వాళ్ల మనిషిని పెట్టుకున్నారు. ఒక సీజన్ ఆగు. జనం మర్చిపోతారు. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు" అన్నాడు.

"యెస్ కోచ్. థాంక్యూ కోచ్" అన్నారు బావగారు.

ఫోన్ ఆగిపోయాక మిగిలిన బెండకాయలు కూడా తరిగారు. నేను స్టవ్ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన మొహం చూడటం మర్యాద కాదనిపించింది. మామయ్యగారికి శ్రీరామ్ చెప్పాడు. ఆయన భీమశంకరంగారికి మళ్లీ ఫోన్ చేయలేదు.

టొలీడోకి కొత్త కోఆర్డినేటర్ వచ్చాడు. తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. పద్ధతి ప్రకారం బావగారి ఉద్యోగం పోయింది.

ఆగస్టులో ఇంకో చిన్న జట్టు వాళ్లు వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. బేస్‌మెంట్‌లో సిగ్నల్ సరిగా రాదని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. పైన కోటు, కింద షార్ట్స్. మామయ్యగారు పక్కగదిలో టీవీ సౌండ్ తీసేసి చూస్తున్నారు. ఇంటర్వ్యూ బాగానే సాగుతోంది. రెండు మూడుసార్లు అవతలి మనిషి నవ్వడం కూడా వినపడింది. అప్పుడు అడిగాడు. "సెమీఫైనల్ ఆఖరి నిమిషం గురించి చెప్పు. ఏం జరిగింది?"

నేను గిన్నెలు తోమడం ఆపేశాను. ఇప్పుడైనా చెప్తారనుకున్నాను.

"తప్పు నాదే. వాళ్ల ఆటగాడు అంచుకి జరగడం నేను గమనించలేదు. చూసి ఉంటే మార్చమని చెప్పేవాణ్ని. అప్పటికి లైన్ ఇంకా ఉంది. టైం ఉంది. నేనే చూడకుండా, ఉన్నదే ఉంచమన్నాను" అన్నారు బావగారు. ఎక్కడా తడుముకోలేదు. నిజంగా జరిగినదాన్ని గుర్తు చేసుకున్నట్టే చెప్పారు.

"నిజాయితీగా చెప్పావు, సంతోషం" అన్నాడు అవతలి మనిషి. "కానీ పైగదిలో కూర్చునేవాడు చూడాల్సింది అదొక్కటే కదా?"

"అవును సార్."

మాట్లాడటం అయిపోయాక లాప్‌టాప్ మూసేసి, కోటు విప్పకుండా అలాగే కూర్చున్నారు. నేనెప్పుడూ ఆయనకి ఎదురు ప్రశ్న వేసి ఎరగను. ఆ రోజు వేశాను.

"బావగారూ, మీరు చూశారు కదా. చెప్పారు కదా."

"చూశాను, చెప్పాను."

"మరి ఎందుకలా అన్నారు?"

"ఇప్పుడు మాట మారిస్తే, వీడు బాస్‌ని పట్టించే రకం అంటారు. మార్చకపోతే, వీడికి కళ్లు సరిగా లేవంటారు. కళ్లు లేనివాడికైనా ఎప్పుడో ఒకసారి పనిస్తారేమో. పట్టించేవాడికి ఎవడూ ఇవ్వడు."

"అంటే, నిజం ఇంకెవరికీ చెప్పరా?"

"నీకు చెప్పాను కదమ్మా" అన్నారు. కోటు విప్పుతూ, "నీకు చెప్తే వచ్చే లాభం లేదు, నష్టం లేదు" అన్నారు. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. ఉన్నదున్నట్టు చెప్పారు.

పక్కగదిలోంచి మామయ్యగారు కేకేశారు. "అయిపోయిందా? సౌండ్ పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోండి నాన్నా."

ఆ ఉద్యోగం రాలేదు. శ్రీరామ్ పరిచయస్తుడు చక్రపాణిగారు సీటుబెల్టులు తయారుచేసే కంపెనీలో ఉన్నారు. అక్కడ టెస్టింగ్‌లో కాంట్రాక్టు పని ఇప్పించారు. మనిషంత బొమ్మని కార్లో కూర్చోబెట్టి గోడకి గుద్దిస్తారట, బెల్టు ఆగిందో తెగిందో బావగారు వీడియో చూసి చెప్పాలి. ఆయన చెప్పినదాన్ని అక్కడ వెంటనే రాసుకుంటారట. బావగారు రోజూ ఏడింటికల్లా బయల్దేరిపోతారు. ఆ పని గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడరు. మామయ్యగారు మాత్రం అడిగిన ప్రతివాళ్లకీ చెప్తున్నారు, మా పెద్దాడు ఎట్టకేలకు దారిలో పడ్డాడని.