అక్కకిచ్చిన ఇత్తడి చక్రం

కత్తిపీటకు సాన పట్టించినప్పుడల్లా, ఆ తడిరాయి వాసనకు మా అక్క మీద అసూయ మళ్లీ పుట్టుకొస్తుంది నాకు.

మా నాయిన ఫిల్మ్ నగర్‌లో సినిమా సెట్లకు తలుపులు, కిటికీలు చేసేవాడు. చెక్కను నున్నగా గీసే ఆయన రందాలకు, అంచు ఏటవాలుగా ఉన్న బ్లేడ్లు రెండుండేవి. సాన పట్టేటప్పుడు ఆ వాలు కాస్త తప్పినా చెక్క పీచు లేచేది. బ్లేడును సరైన వాలులో పట్టి ఉంచి, రాయి మీద దొర్లే చిన్న ఇత్తడి చక్రం ఒకటి ఉండేది ఆయన దగ్గర. ఓ ఆదివారం ఆ చక్రం అక్కకిచ్చి, నా చేతిలో ఉత్త బ్లేడు పెట్టి, ఇద్దర్నీ సాన పట్టమన్నాడు.

“దానికి చక్రమిచ్చి నాకు ఉత్తగ ఇస్తవా? నేను నీ బిడ్డను కానా?” అని రాయి మీద రుద్దుతూనే గొణిగాను.

“కుళ్లకే, నేను పెద్దదాన్ని,” అంది అక్క.

“లొల్లి ఆపుండ్రి. జర నీది ఇటియ్యి,” అని నాయిన నా బ్లేడు అంచును గోరు మీద ఆనించి చూశాడు. పదునెక్కిన అంచు గోరు మీద జారదు. నాది జారలేదు. దాన్ని అలాగే రందాలో బిగించుకున్నాడు. చక్రమున్నా అక్క చేత మళ్లీ మళ్లీ రుద్దించాడు.

నేను మాత్రం అన్నం తినకుండా ఏడ్చాను. వాలు చేతికే తెలిసిన పిల్లకు చక్రమెందుకని ఆయన అనుకున్నాడని, నాకు పిల్లలు పుట్టాకగాని తట్టలేదు. తట్టినా ఏం లాభం, దాన్ని ఒక్కసారైనా దొర్లించనియ్యలేదన్న కుళ్లు ఇంకా పోలేదు.