ఐదు వద్దని ఏడు తెచ్చిన వైనం

ఇసుకను సృష్టించి, ఆ ఇసుకలోంచి కంప్యూటర్ చిప్పులు తీసే బుద్ధిని మనుషులకిచ్చిన దేవునికే మహిమ, ఘనత. ఆ బుద్ధిని ఆయన అందరికీ సమానంగా పంచలేదు. దానికి సాక్షిని నేనే.

మా అమ్మాయికి ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం ఒకటి వచ్చేలా ఉంది. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఆన్‌లైన్ పరీక్ష. సొంత ల్యాప్‌టాప్ ఉండాలి, కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ అందులో నడవాలి. లేకపోతే ఉద్యోగం ఇంకొకరిది. తను పాఠాలు చెప్పే బడిలో సెలవు దొరక్క, ఆత్మకూరు పోయి కొనుక్కురమ్మని సోమవారం నన్నే పంపింది. చేతికి ఒక చీటీ కూడా ఇచ్చింది: 'ఐ5, పన్నెండో జనరేషన్ లేదా ఆపైది'. ఐ5 అనేది ప్రాసెసర్ పేరనీ, ప్రాసెసర్ అంటే మెదడనీ, జనరేషన్ అంకె పెరిగేకొద్దీ ఆ మెదడు కొత్తదనీ చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

ఇరవై ఏళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు బైబిలు చెప్పేవాడికి అంకెల గురించి చెప్పడమా! తోడుగా మా సంఘపెద్దను తీసుకుపోయాను. ఆయనకు కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదు. అందువల్ల ఆయనకు సందేహాలు కూడా ఉండవు.

అంగట్లో రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే పెట్టారు. ఒకటి ఐ5, కొత్తది. ఇంకొకటి ఐ7, ఎవరో వాడినదాన్ని బాగుచేసి పెట్టింది. ధర రెండింటికీ ఒకటే. సంఘపెద్ద కళ్లజోడు సవరించుకుని నా చెవి దగ్గర అన్నాడు.

"బ్రదర్, ఏడుండగా ఐదేంది?"

నాకూ సరిగ్గా అదే తోచింది. ఏడోనాడు విశ్రాంతి. ఏడు మార్లు తిరిగితే యెరికో గోడ కూలింది. ఏడు మునకలు వేస్తే నయమాను కుష్ఠం పోయింది. ఐదు మునకలతో గట్టెక్కినవాడు ఒక్కడైనా ఉన్నాడా? అంగడాయన మర్యాదస్తుడు. ఏడుది నాలుగో జనరేషనని, పాతబడిందని, ఇప్పటి సాఫ్ట్‌వేర్లు కొన్ని ఎక్కవని విడమరిచి చెప్పబోయాడు. ఆయన మాట ముగిసేలోపే సంఘపెద్ద ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. మా వాళ్లకు ఏది కొన్నా ప్రార్థన చేశాకే ఇంటికి తేవడం అలవాటు. మోటరు సైకిలైనా, గొర్రెపిల్లయినా అంతే. అంగడాయన బిల్లు రాయకముందే ఈయన మొదలుపెట్టాడు. మాకు ఈ ఏడును చూపించినందుకు స్తోత్రమని గట్టిగా చెప్పాడు. ఫోను ఛార్జరు కోసం వచ్చిన ఇద్దరు కూడా ఆమేన్ అన్నారు.

స్తోత్రం చెప్పేశాక ఇంకొకటి అడగడానికి నోరు రాదు. దేవుడితో ఒక మాట, అంగడాయనతో ఒక మాటా? తండ్రుల దోషం నాలుగో తరం దాకా పిల్లల మీదికి వస్తుందని నేనే ఎన్నో ఆదివారాలు బోధించాను. నాలుగో జనరేషనని అంగడాయన చెబుతుంటే మాత్రం ఆ వాక్యం గుర్తుకు రాలేదు.

సాయంత్రం అమ్మాయి దాన్ని తెరిచి, కింద అంటించిన కాగితం చదివింది. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే ఈ యంత్రం మీద నడవదని వచ్చింది. రెండోసారీ అదే వచ్చింది.

"నాయనా, నేనిచ్చిన చీటీ చదివినావా?"

"చదివినానమ్మా. ప్రార్థన చేసే తెచ్చినాం."

"దేవుడి మీదికి నెట్టబాక. చీటీ నీ చేతికిచ్చినాను, ఆయనకు కాదు."

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ల్యాప్‌టాప్ మూసేసి, బడి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంది. నాకు తెలిసిన ఏడుల్లో ఒక్కటి కూడా ఆ పూట అక్కరకు రాలేదు.

మరునాడు సంఘపెద్దకు చెప్పకుండా మళ్లీ ఆత్మకూరు బస్సెక్కాను. తప్పు నాదని అంగడాయనకు ఒప్పుకున్నాను. ఆయన మారుమాట లేకుండా వెనక్కి తీసుకున్నాడు. కానీ ఆ ఐ5 ముందురోజు సాయంత్రమే అమ్ముడుపోయిందట. ఇంకొకటి నెల్లూరు నుంచి గురువారం సాయంత్రానికి తెప్పిస్తానన్నాడు.

ఈరోజు బుధవారం. ఈ నాలుగు మాటలు రాయడం తప్ప నా చేతిలో ఇంకేమీ లేదు. ఏడును ఐదుగా మార్చమని దేవుణ్ణి అడగడం లేదు, ఆయనకు వేరే పనులున్నాయి. రేపు ఆ పెట్టె వేళకు రావాలని, ఎల్లుండి తొమ్మిదింటికి నా బిడ్డ నా మీది కోపం పక్కనపెట్టి నెమ్మదిగా పరీక్ష రాయాలని అడుగుతున్నాను. మీరూ నాతో కలిసి అడగండి. ఆమె కోసం ఒక్క ఆమేన్ అనండి.