పెద్దకాపు ఇంటి పెరటి తలుపు చేసింది నేనే

నా పేరు పెంచలమ్మ. వయసు డెబ్బై ఏడు. ఇందుకూరుపేటకు తూర్పున, సముద్రం పక్క పాలెంలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటాను. నాకు అక్షరాలు రావు. నేను చెబుతుంటే మనవరాలు లావణ్య ఫోనులో రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా పెదనాయన కొడుకు రమణయ్య. అతని మనవడు మొన్న ఈ ఫోను గ్రూపులోనే ఒక పాత తలుపు ఫొటో పెట్టి, "మా తాత చేతి పని, ఇప్పటికీ చెక్కు చెదరలేదు" అని రాశాడట. అందరూ మెచ్చుకున్నారట.

అబ్బాయీ, అది మీ తాత చేసిన తలుపు కాదు. నేను చేసింది. విను...

మా చిన్నప్పుడు... ఇంటి ముందు తాటాకు పందిరే మా కొట్టు. తెల్లారితే చిత్రిక చప్పుడు... వేప చెక్క వాసన... పాలెం మొత్తానికీ మా నాయనొక్కడే వడ్రంగి. తెడ్లు, పీటలు, మంచాలు, తలుపులు... అన్నీ ఆ చేతుల్లోంచి రావలసిందే. నేను పొట్టు ఊడ్చేదాన్ని. సానరాయి మీద ఉలి నూరేదాన్ని. పదును కుదిరిందో లేదో ముంజేతి వెంట్రుకల మీద చూసుకునేదాన్ని.

నాకు పదమూడేళ్లప్పుడు కొయ్య చెక్కే బాడిస జారి నాయన కుడి బొటనవేలు తెగింది. గాయం మానింది గానీ వేలు మళ్లీ వంగలేదు. ఆ వారమే పెదనాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు... పనిముట్ల పెట్టె కోసం.

"మొగపిల్లోడు లేని ఇంట్లో ఉలి తుప్పు పడతాది తమ్ముడా. పెట్టె మా రమణయ్యకిచ్చెయ్."

"నేనుండా గదా పెదనాయనా!" అన్నాను.

"ఆడపిల్ల ఉలి పడితే కొయ్య నవ్వతాదిమే."

అప్పుడు పాలెం పెత్తనం చేసే పెద్దకాపు కొత్త పెంకుటిల్లు కడుతున్నాడు. ద్వారబంధాలు నాయన నిలబెట్టేశాడు. తలుపులే మిగిలాయి.

"వీధి తలుపు వాడు చేస్తాడు, పెరటి తలుపు ఇది చేస్తాది. కార్తీకం వానల్లో ఎవురి తలుపు సక్కంగా తెరుచుకుంటే పెట్టె వాళ్లది" అన్నాడు నాయన.

మొదటిరోజే చెక్క నారకు ఎదురుగా చిత్రిక పట్టి పెళ్లలు లేపేశాను. నాయన ఆ వంగని వేలి చేత్తోనే నెత్తిన ఒకటి మొట్టి, చెక్క తిప్పి పెట్టాడు. మేకు కొట్టే ముందు బర్మాతో సన్నటి బెజ్జం వేయాలి, లేకపోతే వేప చీలుతుంది... అదీ అప్పుడే నేర్చుకున్నాను. అన్నిటికంటే ముఖ్యం సందు. తలుపుకూ ద్వారబంధానికీ మధ్య నాలుగు మడతల తాటాకు దూరాలి.

"ఈడ గాల్లోనే ఉప్పుండాది. వానొస్తే కొయ్య నీళ్లు తాగతాది. కడుపు ఉబ్బదా? చోటొదులు" అనేవాడు.

అంచులకు చేపనూనె కూడా పూశాను. తలుపు ఎక్కించే ముందు దాని అడుగంచున ఉలితో మూడు గాట్లు పెట్టాను. పేరు రాయడం రాదుగా మరి.

రమణయ్య నెల్లూరులో రెండేళ్లు పని నేర్చుకొచ్చినవాడు. అతని తలుపు ద్వారబంధంలో దిగేసినట్టు కూర్చుంది. గాలి కూడా చొరదు. పాలెమంతా ఆహా అంది. తర్వాత అతను పెరట్లోకి వచ్చి నా తలుపు చూశాడు.

"మేయ్ పెంచలా, తలుపు చేసినావా, పిల్లికి దోవ చేసినావా?"

అందరూ పగలబడి నవ్వారు. పెద్దకాపు కూడా. నాకు ఏడుపు రాలేదు... ఒళ్లు మండింది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఒకటే జల్లు. నాలుగో రోజు పొద్దున పెద్దకాపు ఇంటి ముందు ఒకటే గోల. పడవలు చూసుకోవడానికి బయలుదేరిన పెద్దకాపుకు వీధి తలుపు రావడం లేదు! ఆయన లోపల్నుంచి లాగుతున్నాడు, రమణయ్య బయట్నుంచి తోస్తున్నాడు. తలుపు కదిలితే ఒట్టు.

లోపల్నుంచి పెద్దకాపు భార్య అరిచింది. "ఒరే రమణయ్యా, నువ్వు చేసింది తలుపా, గోడా?" అని మొగుడి వైపు తిరిగింది. "అయ్యా, ఆ పిల్లి దోవ ఉండాది గదా, అట్ట పాండి!"

నేను పెరట్లోకి పరుగెత్తాను. ఆమె నా తలుపును ఒక్క వేలితో తెరిచింది... చప్పుడు కూడా లేదు. పెద్దకాపు బయటికొచ్చి నన్ను చూసి తల ఊపి పోయాడు. చివర మా పెదనాయన వచ్చాడు, చేతిలో రమణయ్య చిత్రికతో. కొడుకు తలుపు లోపల్నుంచి గీకాలి, లోపలికి పోవాలంటే నా తలుపులోంచే పోవాలి!

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"తల వంచుకో పెదనాయనా, పైన తగలతాది."

వంచుకున్నాడు.

ఆ సాయంత్రం నాయన పెట్టె నా ముందు పెట్టాడు. నాకంటే బరువు. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు... నేనే ఈడ్చుకుని నా మంచం కిందికి తోసుకున్నాను. ఆ రోజు గీకిన వీధి తలుపు ఎండాకాలానికి ఎండి కుంచించుకుపోయింది. పిల్లి కాదు, కుక్క దూరింది అందులోంచి!

రమణయ్య తర్వాత మంచి పనివాడే అయ్యాడు, కాదనను. కానీ ఆ తలుపు నాది. పెద్దకాపు ఇల్లు పడగొట్టాక ఇప్పుడది వాళ్ల ప్రహరీ గోడకు ఆనించి ఉంది. అబ్బాయీ, తలకిందులు చేసి అడుగంచు చూడు. మూడు గాట్లు ఉంటాయి.

ఇప్పుడు తలుపులు షాపులోంచి వస్తున్నాయి... ఉబ్బవు, ఎండవు. బయట కార్తీకమో వైశాఖమో వాటికి తెలియదు. చేసినవాళ్లెవరో మనకూ తెలియదు. మీ ఇంట్లో పాత తలుపు ఉంటే ఎవరు చేశారో పెద్దవాళ్లను అడిగి, ఆ పేరు ఇక్కడ రాయండి. ఆడమనిషి పేరైతే ఇంకా పెద్దగా రాయండి.

వేలిముద్ర వద్దన్నాను. తలుపు అడుగున పెట్టిన గుర్తే ఇక్కడా పెట్టమన్నాను.

/ / /
పెంచలమ్మ గుర్తు

సాక్షులు:
సుబ్బులు, పెద్దకాపు కూతురు. ఆ పొద్దున ఇంట్లోనే ఉంది, నా తలుపులోంచే బయటికొచ్చింది.
లావణ్య, రాసిన మనవరాలు. నిన్న పోయి తలుపు తిప్పి చూసింది. మూడు గాట్లూ ఉన్నాయి.