సైరన్ మిస్త్రీ మూడో రౌండు

ప్రత్యర్థి గుద్దు నా బాక్సరు పక్కటెముకల మీద పడిన ప్రతిసారీ, చేతిలోని వీడియో గేమ్ కన్సోల్ అరచేతుల్లో అదురుతుంది. లేత్ మిషను మీద టూలు ఇనుమును తొలిసారి కొరికినప్పుడు చక్రం పట్టుకున్న చేతికి తగిలే అదురు సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఇరవై ఏడేళ్ళుగా ఆ అదురు ఎరిగినదాన్ని కనుక ఈ మాట తూకం వేసే అంటున్నాను. ఇవాళ మంగళవారం. ఒక పూట సెలవు పెట్టాను. గోడ గడియారంలో పదకొండు గంటల యాభై ఆరు నిమిషాలు. తెర మీద రెండో రౌండు నడుస్తోంది. మరో నాలుగు నిమిషాలకు, మూడో రౌండులో సరిగ్గా ఒక నిమిషం గడిచేసరికి, ఖరగ్‌పూర్ అంతా వినబడేలా రైల్వే వర్క్‌షాప్ సైరన్ మోగుతుంది. అలా మోగాలనే లెక్క వేసి ఆట మొదలుపెట్టాను. నలభై తొమ్మిదేళ్ళ ఆడమనిషికి ఈ లెక్క ఎందుకో తెలియాలంటే సింహాచలం మిస్త్రీ గారి గురించి చెప్పాలి.

నాన్న ఉద్యోగంలో ఉండగానే పోవడంతో ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా వరుసలో పది లేత్ మిషన్లు, తొమ్మిదిమంది మగవాళ్ళు, నేను. ఆ పదింటికీ పెద్ద సింహాచలం మిస్త్రీ గారు. పొట్టి మనిషి, మెడ ఉందో లేదో తెలియని భుజాలు, నడిచేటప్పుడు మడమలు నేలకు ఆనేవి కావు. మొదటిరోజు మధ్యాహ్నం నేనొక పిన్ను చెక్కుతున్నాను. ఇంకొక్క కోత మిగిలి ఉండగా సైరన్ మోగింది. అర నిమిషం పని, ముగించేద్దామనుకున్నాను. వెనకనుంచి ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుని చక్రం మీదనుంచి ఎత్తేసింది, రెండో చెయ్యి స్విచ్చి ఆపేసింది.

“సైరన్ కొట్టినాక సెయ్యి మిషను మీద ఉండకూడదు,” అన్నారు.

ఒక్క కోతే మిగిలిందని నసిగాను. ఆయన నన్ను కసరలేదు. మూడో మిషను దగ్గర టిఫిన్ డబ్బా విప్పుకుంటున్న మనిషిని గడ్డంతో చూపించారు. అతను ఎడమ చేత్తో తింటున్నాడు. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు.

“ఆడూ ఒక్క కోతే అన్నాడు. కోత రేపటికుంటాదమ్మీ. ఏలు రేపటికి మొలుస్తాదేటి?”

ఆ తరువాత నెల రోజులపాటు, సైరన్ వేళకు ఆయన నా వెనక నిలబడి ఉండేవారు. ముప్పై ఒకటో రోజున నిలబడలేదు. అవసరం లేకపోయింది. సైరన్ మొదటి కూత నా చెవిన పడేలోపే చేతులు రెండూ గాలిలో ఉండేవి. వెనకాల అందరూ ఆయన్ని “సైరన్ మిస్త్రీ” అనేవారు. ఈ పాఠం వల్లనే ఆ పేరు వచ్చిందనుకుని, ఇరవై నాలుగేళ్ళపాటు నేను పొరబాటు పడ్డాను.

ఆయన రిటైరయ్యాక ఖరిదా పేటలో మా పక్కింటికి వచ్చారు. రెండిళ్ళ వరండాలకూ నడుమ ఛాతీ ఎత్తు గోడ ఒకటే. నీటికాసుల జబ్బు అప్పటికే కుడికన్నును పూర్తిగా తీసుకుంది, ఎడమకంటికి నీడలు మిగిల్చింది. మూడేళ్ళ క్రితం మా అమ్మాయి హాస్టలుకు వెళుతూ ఈ కన్సోల్ ఇంట్లో వదిలేసింది. అందులో ఒక బాక్సింగ్ ఆట ఉంది. పిల్లల ఆటేలే అని ముట్టుకున్నదాన్ని, ఆ రాత్రి వంట మరచిపోయాను. ఈ ఆటలో బొత్తాలు గబగబా నొక్కితే గెలుపు రాదు. నాలుగు గుద్దులు గాలిలో వృథా పోతే భుజాలు వాలిపోతాయి, కాలు తప్పుగా వేస్తే గుద్దులో బరువుండదు, కనుబొమ చిట్లితే ఆ పక్కనుంచి వచ్చే దెబ్బ కనబడదు. నేను ప్రతి ఆటనూ డైరీలో ఎక్కించాను: వేసిన గుద్దులు, తగిలినవి, తిన్నవి. మొదటి పదకొండు ఆటలకు ఫలితం: పదకొండు ఓటములు.

పన్నెండో ఆట ఒక ఆదివారం సాయంత్రం వరండాలో ఆడుతున్నాను. గోడ అవతల మంచం కిర్రుమంది.

“ఎవులమ్మీ కొట్టుకుంటన్నారు?”

వీడియో ఆట అని చెప్పాను. మిస్త్రీ గారు మంచం గోడవైపు జరుపుకున్నారు.

“ఆ రెండోవోడు నోటితో ఊపిరి తీస్తన్నాడు. ఇనబళ్ళేదా? ఇప్పుడెల్లు. పొట్ట మీద కొట్టు.”

వెళ్ళాను. మూడు గుద్దులకు వాడు మోకాలి మీద కూలాడు. నా మొదటి గెలుపు. లేచి నిలబడి, గోడ మీదుగా ఆ కన్సోల్‌ను ఆయన చెవి దగ్గర పెట్టాను. మళ్ళీ మళ్ళీ విన్నారు. ఆయన ముఖం అలా వెలగడం నేను వర్క్‌షాప్‌లో ఏనాడూ చూడలేదు.

ఆనాటినుంచి సాయంత్రం ఆరు గంటలకు గోడకు ఇటు నేను, అటు ఆయన. చూసేదాన్ని నేను, వినేవారు ఆయన. ముక్కుతో ఊపిరి తీస్తున్నంతసేపూ మనిషి జోలికి పోవద్దనేవారు. అడుగు ఈడ్చిన చప్పుడైతే ఆ కాలి పక్కకు తిరగమనేవారు. నేను ఆడుతూ ఆడుతూ గుద్దులు లోలోపల లెక్కపెట్టుకుంటున్నానని నా ఊపిరిని బట్టే పసిగట్టి, ఒకరోజు విసుక్కున్నారు. “లెక్క బెల్లు కొట్టినాక రాసుకో. రింగులో లెక్కలోడికి దవడ పగుల్తాది.” అంతకన్నా ముఖ్యమైనది మరొకటి నేర్పారు. కిందపడితే వెంటనే లేవకూడదు. రెఫరీ పది లెక్కపెడతాడు. ఎనిమిది వరకూ ఆ సమయం పడినవాడి సొంతం, అంతవరకూ ఊపిరి పోగుచేసుకుని ఎనిమిదికి లేవాలి. అప్పటిదాకా నేను పడిన ప్రతిసారీ మూడుకే లేచి, తూలి, మళ్ళీ పడేదాన్ని. నలభై రోజుల్లో నా లెక్క మారింది: ముప్పై ఎనిమిది ఆటలు, ఇరవై ఆరు గెలుపులు.

ఇంత తెలిసిన మనిషి రింగులో నిలబడి ఉండాలి కదా అని అడిగాను. అప్పుడు చెప్పారు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో రైల్వే జట్టు ఎంపికకు చివరి పోటీ, వర్క్‌షాప్ పక్క మైదానంలో, పట్టపగలు. మూడు రౌండ్ల ఆట. రెండు ఆయనవే. మూడో రౌండు మొదలై నిమిషమైందో లేదో, పన్నెండు గంటల సైరన్ మోగింది. చేతులు దిగిపోయాయి. వేరే ఊరినుంచి వచ్చిన ఎదుటివాడి కుడిచెయ్యి దవడ మీద పడింది. పది లెక్కపెట్టినా లేవలేదు.

“భయపడిపోనాడన్నారు. డబ్బు తినీసినాడన్నారు. సైరన్ అని పేరెట్టినారు. నాను మారు పలకనేదు. ముప్పై తొమ్మిదేళ్ళయినాది. ఆ దినాన సెయ్యి దించింది సైరనా, నా పిరికితనమా? అదొక్కటీ నాకు తెలీదమ్మీ. తెలిస్తే సాలు.”

ఆ రాత్రి నేను డైరీలో ఆట ఫలితం రాయలేదు. లెక్క వేశాను. ఈ ఆటను మూడు రౌండ్లకు కుదించవచ్చు. రౌండుకు మూడు నిమిషాలు, నడుమ ఒక నిమిషం విరామం. బాక్సర్లు రింగులోకి వచ్చి తొలి గంట మోగేందుకు యాభై సెకన్లు, మూడుసార్లు చూసుకున్నాను. మూడో రౌండులో నిమిషం దాటగానే సైరన్ రావాలంటే ఆట పదకొండు గంటల యాభై నిమిషాల పది సెకన్లకు మొదలవాలి. మర్నాడు వర్క్‌షాప్‌లో సైరన్ మోగినప్పుడు నా గడియారం సరిచేసుకున్నాను. గురువారానికి సెలవు పెట్టాను. కారణం అన్న గడిలో “సొంత పని” అని రాశాను.

గురువారం ఆయన గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మా వరండాలోకి వచ్చి కూర్చున్నారు. ఒక్క మాటే అడిగారు: “సైరన్ కొడితే నువ్వు సెయ్యి దించవు గదా?” దించనన్నాను. సైరన్ వస్తుందని తెలిసి, సెకన్లతో సహా తెలిసి, ఎవరైనా దించుతారా?

మొదటి రౌండు నాది. రెండో రౌండు కూడా నాదే. ఆయన మోకాళ్ళ మీద పిడికిళ్ళు బిగించి, నా బాక్సరుతో పాటు భుజాలు కదుపుతున్నారు. మూడో రౌండులో ప్రత్యర్థి నోటితో ఊపిరి తీయడం నాకూ వినబడింది. వాణ్ణి తాళ్ళకు నెట్టుకుపోతున్నాను. ఎనిమిది సెకన్లున్నాయి, అయిదు, రెండు.

సైరన్ మోగింది.

నా బొటనవేళ్ళు రెండూ బొత్తాల మీదనుంచి లేచిపోయాయి. నేను ఎత్తలేదు. అవే లేచాయి. తెర మీద నా బాక్సరు చేతులు నడుముకు జారాయి, ఎదుటివాడి కుడిచెయ్యి దవడకు తగిలింది, కన్సోల్ చేతుల్లో దడదడలాడింది. పడిపోయాను.

ఏమైందో ఆ చప్పుడే ఆయనకు చెప్పింది. “దిగిపోనాయా?” అన్నారు.

“దిగిపోయాయి మిస్త్రీ గారూ. నేను దించలేదు.”

సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. రెఫరీ మూడు అన్నాడు, నాలుగు అన్నాడు. మూడుకే లేవబోయిన నా మోచేతి మీద ఆయన చెయ్యి పడింది. అయిదు, ఆరు, ఏడు. ఆ చెయ్యి లేచింది.

“ఇప్పుడు లే.”

ఎనిమిదికి లేచాను. ఆ మిగిలిన దాదాపు రెండు నిమిషాలూ ఎలా ఆడానో లెక్క నా దగ్గర లేదు. జీవితంలో నేను లెక్క పెట్టని రెండు నిమిషాలు అవే. కొట్టాను, తిన్నాను, ఆయన అరిచిన వైపు తిరిగాను, చివరి గంటకు ఇద్దరం నిలబడే ఉన్నాం. ఆ తరువాతే పుస్తకం తీశాను. నాకు పది, పది, కిందపడినందుకు మూడో రౌండులో ఎనిమిది: మొత్తం ఇరవై ఎనిమిది. వాడికి తొమ్మిది, తొమ్మిది, పది: ఇరవై ఎనిమిది. సమానం.

ఆయన ఫలితం అడగలేదు. నా చేతులు రెండూ తడిమి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే పట్టి లెక్కపెట్టారు. పది వరకూ వచ్చాక నవ్వారు, కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా నవ్వారు. “నీకేటి భయమే? బొమ్మ గుద్దుకి నీకేటి భయం? సైరనేనమ్మీ. సైరనే.”

వీధి చివర టీ కొట్టులో ఆయన్ని అందరికంటే గట్టిగా సైరన్ అని పిలిచేవాడు పెంటయ్య. ఊళ్ళోనే నిమ్‌పురా పేటలో ఉంటాడు, మా వర్క్‌షాప్‌లోనే ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. సంగతి విని, ఆడదాని చేతులతో పరీక్షలేమిటని ఎగతాళి చేశాడట. అయితే నువ్వే రమ్మన్నారు మిస్త్రీ గారు. శనివారం నేను మళ్ళీ సెలవు పెట్టాను, పెంటయ్య మా వరండాలో కూర్చున్నాడు. ఏ బొత్తాం ఏమిటో అరగంట నేర్పి, అదే సమయానికి మొదలుపెట్టించాను. సైరన్‌కు అతని వేళ్ళు లేవడమే కాదు, కన్సోల్ ఒళ్ళోకి జారింది. అతన్ని దింపడానికి వచ్చిన టోటో, అంటే బ్యాటరీ రిక్షా, డ్రైవరు బాపీ అనే బెంగాలీ అబ్బాయి గేటు దగ్గరనుంచి “కీ హోలో దాదూ?”, ఏమైంది తాతా, అని నవ్వాడు. బాపీకి వర్క్‌షాప్‌తో సంబంధం లేదు. సోమవారం కూడా సెలవు పెట్టి అతన్నీ కూర్చోబెట్టాను. సైరన్ మోగుతుంటే నమిలే పాన్ కూడా ఆపకుండా గుద్దుతూ పోయాడు. డైరీలో రాశాను: వర్క్‌షాప్ చేతులు రెండు జతలు, రెండూ దిగాయి. బయటి చేతులు ఒక జత, దిగలేదు.

పెంటయ్య ఆ పేజీ రెండుసార్లు చదివి, మిస్త్రీ గారి ముందుకు వచ్చి నిలబడ్డాడు. “తప్పయిపోనాది బావా,” అన్నాడు. ముప్పై తొమ్మిదేళ్ళకు ఆ రెండు మాటలే వచ్చాయి. ఆయన పెంటయ్యను పక్కన కూర్చోమని, టీ తెమ్మని తమ ఇంట్లోకి కేకేశారు.

టీ తెచ్చిన ఎర్రమ్మ గారు, అంటే మిస్త్రీ గారి భార్య, మా పరీక్ష సంగతంతా విని నన్ను జాలిగా చూశారు. “అన్నం ముద్ద నోటికాడికొచ్చినా, సైరన్ కొడితే కంచంలో ఒగ్గీసీవోడు. పెళ్ళైన కాణ్ణించీ సూస్తన్నాను. నన్నెవులడిగినారు?”

కిందటి ఏడాది చలికాలంలో మిస్త్రీ గారు పోయారు. పెంటయ్య టోటోలో వచ్చి, చివరివరకూ పాడె ముందు నడిచాడు. టీ కొట్టులో ఇప్పుడూ ఆయన్ని సైరన్ మిస్త్రీ అనే అంటారు. ఆ పేరుకు కారణం అడిగినవాళ్ళకు పెంటయ్యే, నా డైరీ పేజీతో సహా, చెప్తాడు. నేను మాత్రం సెలవు దొరికిన రోజున ఇలా పదకొండు యాభైకి కూర్చుంటాను. ఒక్కసారైనా ఆ కూతలో చేతులు నిలబెట్టగలనేమోనని మొదట్లో ఆడాను. ఇప్పటికి పధ్నాలుగు ప్రయత్నాలు, పధ్నాలుగుసార్లూ దిగాయి. ఆ దిగడమే ఇరవై ఏడేళ్ళుగా నాకు పది వేళ్ళనూ మిగిల్చిందని, అలా దించడం నేర్పిన మనిషి దానివల్లనే తన ఆట పోగొట్టుకుని కూడా నాకు నేర్పడం మానలేదని తెలిశాక, నిలబెట్టాలన్న పంతం పోయింది.

మూడో రౌండు మొదలై యాభై తొమ్మిది సెకన్లు. సైరన్ మోగింది. పదిహేనోసారి నా వేళ్ళు లేచాయి, నా బాక్సరు వెల్లకిలా పడ్డాడు, అరచేతులు అదిరాయి. రెఫరీ వంగి లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాకు తొందర లేదు. ఎనిమిదికి లేస్తాను.