అవ్వ ఖాళీగా ఉంచిన జాగా

మా అవ్వ పోయింది. వాళ్లబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. "చెల్లె, అమ్మ పోయింది. పొద్దున చేనుకాడికి పోతనని లేసింది, గడప మీద కూసుంది, గట్లనే ఒరిగిపోయింది" అన్నాడు. స్టవ్ ఆర్పేసి అక్కడే కింద కూర్చుండిపోయాను.

అవ్వ అంటున్నానుగానీ మాకు చుట్టరికమేమీ లేదు. మాది తల్లాడ. ఆమెది ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న చిన్న ఊరు. ఒకప్పుడు నా విమానం ఆమె చేలో దిగింది. మా బంధుత్వం అక్కణ్ణుంచే మొదలు.

అప్పుడు నేను పైలట్ శిక్షణలో ఉన్నాను. రెండు సీట్ల చిన్న విమానం, ఆ రోజు ఒక్కదాన్నే నడుపుతున్నాను. అడవి మీదుగా వస్తుంటే ఇంజిన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. ఇంజిన్ ఆగితే విమానం టక్కున పడిపోదు, కాసేపు జారుతూ దిగుతుంది. ఆ కాసేపట్లోనే చదునైన చోటు వెతుక్కోవాలి. కింద చేలు ఉన్నాయి. కానీ ఆ వైపు చేల నడుమ ఉన్న ఇప్పచెట్టును ఎవరూ కొట్టరు. పువ్వు ఇస్తుంది, నూనెగింజ ఇస్తుంది, అందుకని దాన్ని వదిలేసి చుట్టూ దున్నుకుంటారు. ఏ చేను చూసినా మధ్యలో చెట్టు! ఆఖరికి చెట్టు లేని చేను ఒక్కటి కనబడింది. అందులో దించాను. ముందు చక్రం దుక్కిలో కూరుకుపోయి విరిగింది, నా నుదురు పగిలింది.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది అవ్వే. తలుపు గుంజి, "లోపట ఇంకెవలన్నా ఉన్నరా బిడ్డా?" అని అడిగింది. లేరన్నా నమ్మక, తల లోపలికి పెట్టి మరీ చూసింది. "ఆడపిల్లను ఒక్కదాన్నే తోలిన్రా? తోడు పంపిస్తె ఏం పోయింది వాళ్లకు?" అని నన్ను పంపినవాళ్లను కడిగిపారేసింది. కొంగు చింపి నా నుదుటికి కట్టింది. జొన్న జావ తాగించింది. నేను కుదుటపడ్డాక తను ఏడవడం మొదలుపెట్టింది.

ఆ ఎండాకాలమే గాలిదుమారానికి ఆమె ఇప్పచెట్టు కూలిపోయిందట. అత్తగారి కాలం నాటి చెట్టు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ అత్తగారి పక్కన వంగి పువ్వు ఏరింది. చెట్టు పడిపోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదట. "గా చెట్టు పోయిందని ఎంత ఏడ్చిన్నో బిడ్డా. నీకు తొవ్వ ఇయ్యడానికే పడ్డదని నాకేం ఎరుక?" అంది నా గడ్డం పట్టుకుని.

ఆ చోట ఆమె మళ్లీ ఇప్పమొక్క పెట్టలేదు. ఏటా వానలకు ముందు, ఒక్కోసారి ఇప్పపూలప్పుడు కూడా వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఏదో ఒక కొట్లాట జరిగే ఉండేది. చుట్టుపక్కల అందరూ కాగితం మిల్లులకు అమ్ముకోవచ్చని జామాయిల్ తోటలు వేసుకుంటుంటే, మనమూ వేద్దామని కొడుకు పోరు పెట్టాడు. ఆమె ససేమిరా అంది. కరెంటు స్తంభం పాతడానికి వచ్చినవాళ్లను గట్టు అవతలికి తరిమింది. పెసలూ నువ్వులూ వేసుకుందిగానీ ఎత్తుగా పెరిగేదేదీ ఆ చేలో వెయ్యనివ్వలేదు.

"మళ్ల ఎవలదన్నా గాలిమోటరు ఆగిపోతె గా పిల్ల యాడ దిగాలె?" అనేది. ఆమె లెక్కలో గాలిమోటర్లన్నీ ఆడపిల్లలే నడుపుతారు.

"అవ్వా, విమానాలు అట్లా మాటిమాటికీ పడవు" అని నవ్వేదాన్ని.

"ఓహో! నువ్వు పడ్డనాడు నీకు ముందే ఎరుకా?" అనేది.

ఇప్పపూల కాలంలో వెళితే మాత్రం ఆమెను అట్లా చూసి తట్టుకోలేకపోయేదాన్ని. పక్కవాళ్ల చెట్ల కింద ఏరుకొచ్చిన పువ్వును ఒళ్లో పోసుకుని, తన చెట్టు ఉన్నచోటే ఎండలో కూర్చునేది. "అప్పుడే మొక్క పెడితె ఈపాటికి నీడన్నా ఉండు" అంది ఒకసారి. వెంటనే మాట మార్చి, నేను చిక్కిపోయానని తిట్టింది. ఎవరో తెలియని పిల్ల కోసం ఆమె ఆ నీడను వదులుకుంది.

దినానికి వెళ్లాను. పోయినవాళ్ల పేరున చేలో రాయి నిలబెట్టడం వాళ్ల ఆనవాయితీ. అవ్వ భర్త రాయి గట్టు పక్కన నిలబడి ఉంది. అవ్వ మాత్రం తన రాయి ఇప్పచెట్టు ఉన్నచోటే పెట్టమని, నిలబెట్టొద్దని, పండబెట్టమని కొడుక్కి చెప్పి పోయింది. పెద్దమనుషులు ఒప్పుకోలేదు. "పండబెడితె అది రాయెట్లయితది? రేపు మనవలు బండ అనుకొని కూసుంటరు. మనిషి పేరు నిలవొద్దా?" అన్నాడు ఒక పెద్దాయన. ఆయన బాధ కూడా నిజమే.

కొడుకు నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు చెప్పు చెల్లె. గాలిమోటరు మళ్ల వస్తదా?"

రాదనే నా నమ్మకం. ఆ ఒక్క మాట అంటే చాలు, రాయి నిలబడుతుంది, అవ్వకు అందరిలాగే మర్యాద దక్కుతుంది. అనబోయి చుట్టూ చూశాను. నాలుగు దిక్కులా జామాయిల్ తోటలు, కరెంటు తీగలు.

"వస్తదో రాదో నేను చెప్పలేనన్నా. వస్తే మాత్రం దిగడానికి ఈ చుట్టుపక్కల ఈ చేనొక్కటే మిగిలింది" అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

ఆ పెద్దాయనే తువ్వాలు నడుముకు చుట్టుకుని రాయికి ఒక చివర చెయ్యి వేశాడు. "పట్టున్రి, మెల్లగ దించున్రి" అన్నాడు.

నేలకు సమంగా పండబెట్టి పసుపు రాశారు. సాయంత్రం తిరిగొస్తూ గట్టు మీద ఆగి చూశాను. అక్కణ్ణుంచి అవ్వ రాయి కనబడలేదు. జామాయిల్ తోటల నడుమ ఆ చేను మాత్రం ఖాళీగా, ఆకాశానికి తెరుచుకుని ఉంది.