తెల్లరాతి మీద గ్రూప్ ఫొటో

మొన్నామధ్య పెళ్లికొడుకు తండ్రి ఒకాయన ఎస్.కోటలో మా స్టూడియోకి వచ్చి, ఆల్బమ్ తిరగేస్తూ ఓ ఫొటో దగ్గర ఆగాడు. తలంబ్రాలు పోసుకుంటున్న ఫొటో. అంతా బాగానే ఉంది గానీ, ఎవరో మరిచిపోయిన నీళ్ల సీసా ఒకటి పీటల పక్కన దర్జాగా నిలబడి ఉంది. "అది తీసీయండమ్మా, దానివల్ల పెళ్లికళంతా పోతంది" అన్నాడు. తీసేశాను. ఈ రోజుల్లో అదెంత పని, మౌసుతో రెండు నొక్కులు. ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. నేను మాత్రం ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. ఫొటోకి అడ్డొచ్చిన వస్తువును తీసినందుకు ఇన్నేళ్లలో నన్ను తిట్టింది ఒకే ఒక్క మనిషి, మా మరదలు.

మరదలంటే మా ఆయన ఆఖరి చెల్లెలు. చిన్నప్పుడు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలంతా అన్నాలకి ఇళ్లకు పరిగెత్తుతుంటే, ఈ పిల్ల గుడి వెనక గుట్ట ఎక్కి గౌను నిండా రాళ్లు ఏరుకొచ్చేదట. మా అత్తగారు బడిపంతులమ్మ. గౌను దులిపి, వీపు మీద ఒకటిచ్చి, రాళ్లను మాత్రం పారెయ్యకుండా కిటికీ గట్టు మీద పేర్చేదట. ఆ గట్టు మీద చోటు చాలకనే కాబోలు ఆ పిల్ల పెద్దదై జియాలజిస్టు అయింది. మా అత్తవారింట్లో మిగిలినవాళ్లంతా టీచర్లే కాబట్టి ఎవరేం చేస్తారని అడిగితే చెప్పడం తేలిక. ఈమె దగ్గరికొచ్చేసరికి చుట్టాల ముందు నోరు తిరిగేది కాదు. చివరికి మా అత్తగారే "రాళ్ల డాక్టరు" అని తేల్చేసింది. ఒక పెళ్లిలో ఎవరో నిజంగానే ఆమెను పక్కకు పిలిచి కిడ్నీలో రాయి గురించి అడిగారు.

ఆమెకు అనంతగిరి మండలంలో ఊటల మీద పని అప్పగించారు. తనే ముందుండి నడపాల్సిన మొదటి పని అది. శాస్త్రవేత్తలు కొండల్లో పనిచేస్తుండగా, ఊళ్లలో జనంతో మాట్లాడుతుండగా ఫొటోలు కావాలన్నారట ఆఫీసులో. "మావాళ్లు ఫోన్లో తీస్తే రాళ్లూ మనుషులూ ఒకేలా ఉంటున్నారొదినా, నువ్వు రా" అంది. కాఫీ తోటల్లో నాలుగు రోజులు చల్లగా తిరిగి రావచ్చని పెళ్లికి వెళ్లే బ్యాగే సర్దుకుని జీపెక్కేశాను. ఘాట్ రోడ్డులో టైడా దాటేసరికి చెవులు మూసుకుపోయాయి, కాఫీపూల వాసనకి ముక్కు తెరుచుకుంది.

మొదటి రోజే మా మరదలు ఒక రాయి మీద తన సుత్తి పెట్టి, "ఇది తియ్యి" అని పక్కకు తప్పుకుంది. నేను పెళ్లిళ్ల మనిషిని. ముందు సుత్తి తీసి పక్కన పెట్టాను. ఎండుటాకులు ఊడ్చాను. తడిగుడ్డతో రాయి మొహం తుడిచాను. వెలుతురు చూసుకుని ముచ్చటగా తీశాను. సాయంత్రం లాప్‌టాప్‌లో ఆ ఫొటోని ఆమె పెద్దది చేసి, అంచులదాకా జరిపి జరిపి చూసింది. చదువుకున్న భాషంతా ఎగిరిపోయి, "నా సుత్తి ఏటి సేసీసినావొదినా?" అంది. సుత్తి లేకపోతే అది గుప్పెడు రాయో ఇల్లంత రాయో చూసేవాడికి తెలియదట. రాళ్ల ఫొటోలో సుత్తే కొలబద్దట. ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా అని నేనూ తగ్గకుండా అన్నాను. మర్నాటి నుంచి సుత్తి జోలికి పోలేదు. వాళ్లు పనిచేస్తుంటే మాత్రం ముచ్చటేసేది. రాయి పగలగొట్టి, నాలుకతో తడిచేసి, చిన్న భూతద్దం కంటికి ఆనించుకుని, ముక్కు రాతికి తగిలేదాకా వంగేవారు. నా దగ్గర శాస్త్రవేత్తల మొహాలకన్నా వీపులే ఎక్కువున్నాయి.

మేం దిగిన దిగువూరికి ఒక్క ఊటే ఆధారం. కొండ అడుగున రాతి సందులోంచి వచ్చే ఆ నీరు శీతాకాలం దాటేసరికి సన్నబడిపోయేది. ఎండాకాలంలో ఆడవాళ్లు గరిటెతో తోడి బిందెలు నింపుకునేవారు. గరిటె రాతికి గీసుకునే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మేం బస చేసిన ఇంటి పెద్దమ్మ వేడివేడి చోడి అంబలి పోస్తూ, "ఈ ఊట పూర్తిగా ఎండిపోతే ఊరు కదలాలమ్మా. నా కోడలు నీల్లోసుకుంది. బిడ్డతో పాటు గెడ్డకాడికి దిగి బిందె మోసుకొత్తాదా?" అంది. గెడ్డంటే ఎక్కడో దిగువన పారే కొండవాగు. ఊటకు బలం రావాలని అంతకుముందెవరో ఊటకు ఎగువన, ఊరి వైపు వాలులోనే కందకాలు తవ్వించారు. చుక్క పెరగలేదు. నీళ్లు మన వైపు నుంచే వస్తాయనుకోవడం ఎవరికైనా సహజమే గదా.

మా మరదలు కొండంతా తిరిగి, ఆ నీరు అవతలి వైపు నుంచి వస్తోందని తేల్చింది. ఆ కొండలో రాయి పొరలు పొరలుగా ఉంటుంది, పొరలన్నీ దిగువూరి వైపు వాలి ఉన్నాయి. శిఖరం దాటాక ఎగువూరి వాళ్ల మేతభూమిలో పడిన వాన ఆ పొరల సందుల్లో దిగి, కొండ కడుపులోంచి ఇవతల ఊటగా వస్తుంది. కాబట్టి కందకాలు తవ్వాల్సింది అక్కడ, ఎగువూరి నేలలో. వానలకు ముందే తవ్వాలి. లేకపోతే ఇంకో ఏడాది పోతుంది. ఆఫీసులో అప్పటికే, ఇక్కడ కుదరకపోతే వేరే ఊరు చూసుకోమంటున్నారు.

ఎగువూళ్లో మీటింగు పెట్టారు. మా మరదలు మ్యాపు పరిచి, గీతల మీద వేలు పెట్టి గంట చెప్పింది. జనం మ్యాపు వైపు చూడలేదు, జీపులో ఉన్న సుత్తుల వైపే చూశారు. ఆ కొండల్లో రాయి కొట్టేవాళ్లు వచ్చారంటే గని వస్తుందనే భయం, అది ఊరికే పుట్టిన భయమూ కాదు. ఊరి పెద్దాయన అంతా ఓపిగ్గా విని లేచాడు. "సుత్తట్టుకుని ఒకలొచ్చినారంటే ఎనకాల మిసన్లొత్తాయి. కాయితం మీద కొండ నీది తల్లీ. నేల మీద కొండ మాది" అన్నాడు. మీటింగు అక్కడితో సరి. తిరుగుదారిలో మా మరదలు చుట్టిన మ్యాపు ఒళ్లో పెట్టుకుని ముడుచుకుని కూర్చుంది. గౌనులో రాళ్లు దులిపేసిన రోజున కూడా మొహం అలాగే పెట్టుకునుంటుంది.

మర్నాడు కెమెరా చార్జర్ అక్కడే మరిచిపోయానని ఎగువూరికి వెళ్లాను. ఒకావిడ గుమ్మంలోంచి పిలిచి, "మావి కూడా తీత్తావేటి?" అని అడిగింది. మొగుడూ పిల్లలూ అంతా కలిసి ఉన్న ఫొటో వాళ్లింట్లో ఒక్కటీ లేదట. ఉన్నవల్లా గుర్తింపు కార్డుల మీద దొంగల్లా కనిపించే ఫొటోలే. సరేనన్నాను. అరగంటలో ఊరంతా తలలకు నూనె రాసుకుని వచ్చి నిలబడింది! సాయంత్రం ఆ సంగతి చెబితే మా మరదలు కళ్లు ఒక్కసారి మెరిశాయి. "వదినా, రెండూళ్లనీ కలిపి గ్రూప్ ఫొటో తియ్యగలవా? ఎవరెక్కడ నిలబడాలో నేను చెప్తాను" అంది. పెళ్లివారి రెండు వైపులనీ ఒక్క ఫ్రేములో ఇరికించడమే కదా నా బతుకంతా చేసిన పని.

ఆ కొండను ఒక పక్క గెడ్డ నిలువునా కోసేసింది. కోతకు ఎదురుగుట్ట ఎక్కితే రెండూళ్ల వాలూ ఒకేసారి కనిపిస్తాయి. కోత మీద అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా, పొదల మధ్య తెల్లరాతి పొర ఒకటి తొంగిచూస్తుంటుంది. ఊట నీరు దిగొచ్చేది ఆ పొర మీదుగానట. దాని వెంబడే మేకలు నడిచే బాట. ఆ తెల్లరాయి ఎక్కడిదాకా ఉందో అందరికీ చూపించాలనుందని మా మరదలు రెండూళ్లలోనూ దాపరికం లేకుండా చెప్పింది. పెద్దాయన జీపులోకి ఓసారి తొంగిచూసి, "సుత్తి తేకుండా రండి. నాను మాత్తరం అందరికన్నా మీదుంటాను" అన్నాడు.

ఆ ఉదయం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పొంగుతుంది. ఎదురుగుట్ట మీద నేను, నా చేతిలో మా గుడి యూత్ వాళ్ల దగ్గర అరువు తెచ్చిన హ్యాండ్ మైకు. అవతల మా మరదలు కొండ మీదికీ కిందికీ పరుగులు పెడుతూ, అందరి కాళ్లూ తెల్లరాతి మీదే ఉన్నాయో లేదో చూస్తోంది. నేను "ఎర్రచీర పిన్నిగారూ, కాస్త ఎడమకి!" అంటే కొండ కూడా ఎడమకి, ఎడమకి అనేది. నలుగురు ఎర్రచీరల వాళ్లు ఒకేసారి కదిలారు. మేకలు పిలవకుండానే వచ్చి మధ్యలో నిలబడ్డాయి. మబ్బు ఒకటి అడ్డొచ్చి, మనసు మార్చుకుని తప్పుకుంది. నొక్కాను. కెమెరా వెనకాల తెర మీద చూసుకుని అక్కడే చతికిలబడ్డాను. ఆమె అన్నాళ్లు చెప్పిన పొరలూ వాలులూ నా బుర్రకెక్కలేదు. ఇప్పుడు కొండ అవతలి కొస నుంచి ఇవతలి ఊట దాకా, రాతిలోంచి ఎవరో తాడు లాగినట్టు ఏటవాలుగా మనుషుల వరస. పైన చివర పెద్దాయన, కింద చివర బిందె పట్టుకుని మా పెద్దమ్మ.

దాన్ని ఎస్.కోటలో ఫ్లెక్సీ వేయించాను. షాపతను మూలన ఏ నాయకుడి ఫొటో పెట్టమంటారని అడిగాడు. ఎవరిదీ వద్దంటే నమ్మలేక రెండుసార్లు అడిగాడు. ఎగువూరి బడి వరండాకి కట్టేసరికి జనం విరగబడ్డారు. ముందు ఎవరికి వాళ్లు తమని వెతుక్కున్నారు, తర్వాత పక్కవాళ్లని, ఆ తర్వాత కింది వాళ్లని. పెద్దాయన తన బొమ్మ మీద వేలు పెట్టి, ఒక్కో తల మీదుగా కిందికి దించుకుంటూ పోయాడు. వేలు బిందె దగ్గర ఆగింది.

"అంటే నా కాలికింద పడ్డ వాన ఈయమ్మ బిందిలోకెల్తందన్నమాట."

"అవును తాతా" అంది మా మరదలు. "మీ దగ్గర నాలుగు రోజులు నిలిస్తే, ఆవిడ దగ్గర ఎండాకాలమంతా వస్తుంది."

ఆయన మళ్లీ ఫొటో వైపు తిరిగాడు. "రాయి ఒక్కటీ కొండ దిగకూడదు. తవ్వుకోండి. బేగి తవ్వండి, వానొచ్చెత్తాది" అన్నాడు. వరండా అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. మా మరదలు నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, కానీ కెమెరా దించకుండా ఏడ్చాను. అందుకే ఆ ఫొటో కాస్త మసకగా వచ్చింది. అంతకుముందు పరీక్షలకని పట్టుకెళ్లిన రాళ్ల సంచిని ఆమె ఆ వారంలోనే తెచ్చి, తీసిన చోటే పెట్టేసింది. కందకాలు రెండూళ్లవాళ్లూ కలిసి తవ్వారు. ఆఖరిది అయిపోయిన సాయంత్రమే వాన పట్టుకుంది.

మరుసటి ఎండాకాలం, మామిడికాయలు పండే వేళకి మేమిద్దరం మళ్లీ వెళ్లాం. ఊట దగ్గర గరిటె లేదు. బిందె పెడితే నిండి పొర్లుతోంది. పెద్దమ్మ కోడలు చంటిదానికి ఆ నీళ్లతోనే స్నానం పోస్తోంది, ఆ గుంటపిల్ల చలికి కెవ్వుమంటోంది. మేం చూస్తుండగానే ఎగువూరి పెద్దాయన కొండ చుట్టూ నడిచి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. ఆ ఊట దగ్గరికి ఆయన రావడం అదే మొదటిసారట. నేరుగా ఊట మీదికి వంగి, దోసిలి పట్టి, నిదానంగా తాగాడు. "ఏటి, ఎలాగున్నాది మామా?" అని పెద్దమ్మ అడిగింది.

"మా వాన బాగున్నాది" అన్నాడు.

ఆయన తాగింది కిందటేడు తన నేల మీద పడిన వాన. పోయిన కాలం ఇక పోయినట్టే అనుకుంటూ బతికిన నేను, అది చల్లగా తిరిగొచ్చి ఒక ముసలాయన గొంతులోకి దిగడం ఆవేళ కళ్లారా చూశాను.