మూడు చోట్ల భద్రం

మా అక్క కాపురానికి వెళ్లిన వారానికే నాకు ఫోన్ చేసి, "మీ బావకి ఇంకో సంసారం ఉందే" అంది. నేను నిర్ఘాంతపోయి ఏదో అనేలోపే తనే చెప్పింది. "బీరువాలో నా బట్టలకి ఒక్క అర మిగిలింది. మిగతా నాలుగు అరల నిండా సీడీలు, హార్డ్ డిస్కులు. ఒక్కోదానికీ పేరు, పుట్టిన తేదీ."

బావ అంధుల గ్రంథాలయంలో ముద్రణ విభాగంలో పనిచేస్తారు. మామూలు పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తే, దాన్ని దళసరి కాగితం మీద బ్రెయిలీ చుక్కలుగా పొడిచే యంత్రం ఒకటి అక్కడ ఉంది. అది నడిచేటప్పుడు ఆ గదిలో ఎవరి మాట వాళ్లకే వినపడదు. ఆ యంత్రాన్ని నడపడం ఆయన ఉద్యోగం. ప్రాణం మాత్రం సాఫ్ట్‌వేర్లు దాచడం మీద ఉండేది. ఫొటోలు సరిచేసేది, పాటలు కత్తిరించేది, గోడ క్యాలెండర్ వేసిపెట్టేది, ఊరికే తెర మీద చేపల్ని తిప్పేది, నెట్ నుంచి ఏది దించుకున్నా దాన్ని కంప్యూటర్లో ఎక్కించే సెటప్ ఫైలు పారేయడమన్నది ఆయనకు తెలియదు. "కంపెనీవాళ్లు ఇవాళ ఉంటారు, రేపు దుకాణం కట్టేస్తారు. అప్పుడు తెలుస్తుంది నేనెందుకు దాచానో" అనేవారు. ఎవరికి తెలుస్తుందో మాత్రం చెప్పేవారు కాదు.

దాచడంలోనూ ఒక పద్ధతి. పనిని బట్టి ఫోల్డరు, అందులో పేరు, వెర్షన్, దించుకున్న తేదీ. అదంతా మళ్లీ ఒక పొడుగాటి రూళ్ల పుస్తకంలో చేత్తో ఎక్కించేవారు. ప్రతిదానికీ మూడు కాపీలు. ఒకటి ఇంట్లో, ఒకటి ఆఫీసులో, మూడోది ఈ రెండూ కాని మూడో చోట. ఆ మూడో చోటు నా దుప్పట్ల బీరువా.

"మా ఇల్లు తగలబడిపోతే నీ దగ్గరైనా ఉంటుంది కదమ్మా" అన్నారు మొదటిసారి తెచ్చిపెట్టినప్పుడు.

"మరి మా ఇల్లు తగలబడితేనో బావా?"

"అందుకేగా మిగతా రెండూ" అన్నారు, నా క్షేమం ఊసే ఎత్తకుండా.

ఏడాదికోసారి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని తనిఖీకి వచ్చేవారు. ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి ఒక పొడవాటి సంఖ్య ఇచ్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. మూడు కాపీలకూ అదే సంఖ్య వస్తే ఫైలు చెడలేదన్నమాట. ఆ సంఖ్యల్ని పైకి చదువుతూ, పుస్తకంలో టిక్కులు పెడుతూ మా మంచం మీద మధ్యాహ్నమంతా కూర్చునేవారు. అన్నీ సరిపోయేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. అన్నీ సరిపోయేవి.

ఆ ముద్రణ విభాగంలో ఆయనకంటే ముందు నుంచీ ఒక ఆపరేటరమ్మ ఉండేది. ఆవిడ కంప్యూటర్ తెర మీద ఫైళ్లు దండెం మీద బట్టల్లా ఆరేసి ఉండేవి. 'కొత్తది', 'కొత్తది కొత్తది', 'ఇదే అసలు', ఇవీ వాటి పేర్లు. బావ ఉద్యోగంలో చేరిన ఏడాదికి ఇక చూడలేక, ఆ కంప్యూటర్‌ని మూడు రోజులు కూర్చుని శుభ్రం చేశారు. "నా గందరగోళం నాకు అర్థమవుతుంది నాయనా. నీ శుభ్రమే అర్థం కావడం లేదు" అందిట ఆవిడ. ఈ మాట ఇంట్లో మాకు చెప్పి చాలాసార్లు నవ్వారు. నాలుగేళ్ల కిందట ఆవిడ రిటైరైంది.

పోయినేడు ఒక మంగళవారం పొద్దున ఆ కంప్యూటర్ ఆగిపోయింది. బాగుచేసేవాడు వచ్చి విప్పి చూసి, లోపలి డిస్కు పోయిందని, అందులో ఉన్నదేదీ రాదని చెప్పాడు. పుస్తకాలైతే వేరేచోట ఉన్నాయి, ఫర్వాలేదు. కొత్త కంప్యూటరూ వచ్చింది. కానీ అక్షరాల్ని చుక్కలుగా మార్చి ఆ యంత్రానికి అందించే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి ఆరేళ్లయింది. దాని వెబ్‌సైట్ కూడా లేదు. మరో మూడు వారాల్లో పరీక్షలు రాయాల్సిన పద్నాలుగు మంది, చరిత్ర పుస్తకం రెండో సంపుటం కోసం ఎదురుచూస్తున్నారు.

లైబ్రేరియన్ తల పట్టుకుంటే, బావ ముఖం వెలిగిపోయిందిట. ఇన్నేళ్లుగా ఆయన చెబుతూ వచ్చిన రోజు అది. "కంగారు పడకండి మేడం. నా దగ్గర మూడున్నాయి" అన్నారు.

ఆఫీసు కాపీ తీసి నడిపించారు. 'మిగతా ఫైళ్లను తెస్తున్నాం, దయచేసి వేచి ఉండండి' అని తెర మీద వచ్చింది. వేచి ఉన్నారు. కాసేపటికి, సర్వర్ దొరకలేదని వచ్చింది. ఇంటికి వెళ్లి రెండోది తీశారు. అదీ అంతే. అక్కడి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చారు. మూడు కాపీలూ ఒకటేనని ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు లేరు, అయినా వచ్చారు.

దుప్పట్ల కింద నుంచి డిస్కు తీసి ఇచ్చాను. ల్యాప్‌టాప్‌కి తగిలించి చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

"సంఖ్య సరిపోయిందా బావా?"

"సరిపోయిందమ్మా. మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే. కానీ ఇది రెండంటే రెండే ఎంబీలు. ఇది సాఫ్ట్‌వేర్ కాదు. వెళ్లి సాఫ్ట్‌వేర్‌ని తెచ్చే బంట్రోతు. తేవడానికి ఇప్పుడక్కడ ఏమీ లేదు" అన్నారు.

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నడిపి చూడలేదా?"

"చెడిపోయిందేమోనని చూశాను. పనిచేస్తుందా అని చూడలేదు."

వెంట తెచ్చుకున్న రూళ్ల పుస్తకం తిరగేసి, పదకొండేళ్ల నాటి పేజీ దగ్గర ఆగిపోయారు. పుస్తకం నా వైపు జరిపారు. ఆయన గుండ్రటి చేతిరాతలోనే ఉంది: 'ఆపరేటరమ్మ కంప్యూటర్లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు. పాతది 412 ఎంబీ, కొత్తది 2 ఎంబీ. పాతది తీసేశాను. చాలా చోటు కలిసొచ్చింది.' పక్కనే ఎర్ర సిరాతో ఒక చిన్న నక్షత్రం. తనకు తాను వేసుకున్నది.

నవ్వు వచ్చింది కానీ, ఆ ముఖం చూశాక బయటికి రాలేదు. అక్కకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"ఆ కంప్యూటర్ ఎవరిదో ఆవిణ్ణే అడగమను" అంది అక్క.

స్పీకర్లో వింటున్న బావ ఫోన్ లాక్కుని, "ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావు?" అన్నారు.

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్లండి. చెల్లీ, నువ్వూ వెంట వెళ్లు. దారిలోంచి తిరిగొచ్చేస్తారు."

ఆపరేటరమ్మ మూడో అంతస్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో కిందికి దిగడం మానేసింది. బావ కుర్చీ అంచున కూర్చుని, నక్షత్రం సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ నవ్వలేదు, దెప్పలేదు.

"నువ్వు శుభ్రం చేస్తానన్న రోజు నాకు గుండెల్లో రాయి పడింది నాయనా. నువ్వు మొదలుపెట్టేలోపే అన్నీ సీడీలో ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నా."

"అన్నీ అంటే ఏవేవి?"

"ఏవేవో చూసుకునే ఓపికెవరికి? పట్టినన్ని."

"ఎక్కడుందమ్మా అది?"

"ఇంట్లోనే ఉంది" అందావిడ.

రెండు గంటలు వెతికాం. కుట్టుమిషన్ సొరుగు, మందుల డబ్బా, పాత పత్రికల కట్టలు. మధ్యలో ఒకసారి బావ, "ఎక్కడ పెట్టారో రాసుకోవాల్సిందమ్మా" అనబోయి సగంలో మింగేశారు. చివరికి పరుపు కింద ఆవిడ మోకాలి ఎక్స్‌రే కవరులో, ఎముకల మధ్య దొరికింది. ఎక్స్‌రేలు ఎవరూ పారేయరని అందులో పెట్టిందిట. సీడీ మీద నల్లటి అక్షరాలతో 'ఇతను తీసేసేవి' అని రాసి ఉంది.

ల్యాప్‌టాప్‌లో పెడితే సీడీ తెరుచుకుంది. లోపల సగం చెత్త. 'ఇదే అసలు' అన్న ఫోల్డర్లో 412 ఎంబీల ఫైలు పడుకుని ఉంది.

మర్నాడు పొద్దున యంత్రం మళ్లీ దడదడలాడింది. ప్రూఫులు చూసే పెద్దాయన పుట్టుకతోనే చూపు లేనివాడు. మొదటి కాగితం మీద వేళ్లు పరిచి, "అదే యంత్రం. ఆరు చుక్కల్లో ఐదోదాని ఎత్తు ఎప్పటిలాగే తక్కువ" అన్నాడు. దానికే బావ కళ్లు తుడుచుకున్నారని లైబ్రేరియన్ తరువాత మాకు చెప్పింది. పద్నాలుగు మందికీ పరీక్షలకు తొమ్మిది రోజుల ముందు పుస్తకాలు అందాయి.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నెల తిరక్కుండా పైఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. సాఫ్ట్‌వేర్లను క్రమపద్ధతిలో భద్రపరచి సంస్థను ఆదుకున్న ముందుచూపుకు, బావ పేరు మీద. సభ పెట్టారు. బావ మైకు ముందు నిలబడి, "దాన్ని తీసేసింది నేనేనండి. దాచింది ఆపరేటరమ్మ" అన్నారు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుందని అధ్యక్షుడు మెచ్చుకున్నాడు. బావ ఇంకోసారి చెప్పారు. ఇంకా గట్టిగా కొట్టారు. ప్రశంసాపత్రం తీసుకెళ్లి ఆపరేటరమ్మకు ఇవ్వబోతే, "ఇంకో కాగితం నేనెక్కడ వెతుక్కోను నాయనా" అని తిప్పి పంపింది.

ఆ సభ పుణ్యమా అని, మిగతా శాఖలవాళ్లకు భద్రపరిచే పద్ధతులు నేర్పే పని కూడా ఆయన నెత్తిన పడింది. మొదటి తరగతికి పంతొమ్మిది మంది వచ్చారు. పుస్తకాలు, పెన్నులు తీసి సిద్ధంగా కూర్చున్నారు. బావ పాఠం ఏమీ చెప్పలేదు. ఎవరి కాపీలు వాళ్లు తీసి, అక్కడికక్కడే ఖాళీ కంప్యూటర్ల మీద ఎక్కించి నడిపి చూపించమన్నారు. పదకొండు మందివి నడవలేదు.

ఆ సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. బావ లోపలికి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా, "పంతొమ్మిదిలో పదకొండు" అన్నారు అక్కతో. పాపం, వాళ్ల గతేమిటని అడిగింది అక్క. "చాలా కష్టమే" అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.